బరువుకి ఐదు మార్కులు

మా బాబాయి కూతురు బీటెక్‌లో చేరినప్పుడు లాప్‌టాప్ చూసిపెట్టే పని నా మీద పడింది. పడింది అంటే అబద్ధమవుతుంది, నేనే మీదేసుకున్నాను. చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ వాడు ఒకడుంటే టీవీ దగ్గర్నుంచి వైఫై దాకా ఏది కొనాలన్నా వాణ్ణే అడుగుతారు. వాడు విసుక్కుంటూ చెప్తాడు గానీ, అడగడం మానేస్తే ఎక్కువ బాధపడేది కూడా వాడే.

బడ్జెట్ 45 వేలు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అప్పుడు నేను అడగలేదు. బాబాయికి మిర్యాలగూడలో టైలరింగ్ షాపు. నెలకి 3 వేల చొప్పున ఇరవై మంది కట్టే 60 వేల చిట్టీలో ఉన్నాడు. కాలేజీ మొదలయ్యే నాటికి డబ్బు చేతిలో ఉండాలని తొందరపడి పాడేశాడు. పాటలో 15 వేలు పోయి 45 చేతికొచ్చింది. అంటే లాప్‌టాప్ ఇంట్లోకి రాకముందే దాని మీద 15 వేలు ఖర్చయిపోయింది. ఇదంతా చాలా రోజుల తర్వాత చిన్నమ్మ చెప్తే తెలిసింది.

నాకు మాత్రం అంకె చాలు. శనివారం పొద్దున్నే స్ప్రెడ్‌షీట్ తెరిచాను. అడ్డవరసల్లో పద్నాలుగు లాప్‌టాప్‌లు, నిలువు వరసల్లో గుణాలు, ఒక్కో గుణానికి ఇన్నని మార్కులు. ప్రాసెసర్‌కి 25, ర్యామ్‌కి 20, గ్రాఫిక్స్ కార్డుకి 20, స్టోరేజీకి 10, స్క్రీన్‌కి 10, బ్యాటరీకి 10. వంద కావడానికి ఐదు తగ్గాయి. అప్పుడు గుర్తొచ్చి ‘బరువు’ అని ఇంకో వరస చేర్చాను. బరువుకి వెయిటేజీ 5. ఈ మాటలో ఉన్న పరిహాసం ఆ రోజు నాకు తట్టలేదు.

పిల్ల పక్కనే కూచుని చూస్తోంది. ఒకే ఒక్క మాట అంది.

“అన్నా, కొంచెం తేలికది దొరకదా?”

“దొరుకుతది. కానీ ఈ డబ్బులకి తేలికదంటే లోపల ఏం ఉండదు. నాలుగేండ్లు వాడాలె కదా.”

“సరే అన్నా. నీకు తెలుసు కదా.”

ఈ చివరి మాటని నేను ప్రశంసగా తీసుకున్నాను.

సేల్‌లో, నా క్రెడిట్ కార్డు మీద వచ్చే తగ్గింపుతో కలిపి, షీట్‌లో మొదటి స్థానంలో నిలిచినదే కొన్నాం. 15.6 అంగుళాల తెర, విడిగా గ్రాఫిక్స్ కార్డు, 2.3 కిలోలు. చార్జరు అర కిలో పైనే, అది వేరే. డబ్బా మిర్యాలగూడలో విప్పాం. బాబాయి రెండు చేతుల్తో పైకెత్తి, కొంచెం ఊపి చూసి, “మంచి బరువున్నదిరా. గట్టి సామానే” అన్నాడు. ఆయన ముఖంలో కనిపించిన తృప్తి గురించి ఇప్పుడు తల్చుకుంటే నాకు ఏదోలా ఉంటుంది, కానీ ఆ తృప్తి అబద్ధం కాదు.

మనకి బరువంటే గౌరవం. ఇత్తడి బిందె తూకం వేసే కొంటాం. పెళ్లి పట్టుచీరని అరచేతుల్లో పెట్టుకుని తూచినట్టు చూస్తాం. భాషే అలా ఉంది. తేలిగ్గా తీసుకోవడం, తేలిక మాట, చులకన... చులకన అనే మాటకి మొదటి అర్థం తేలికదనమే. ఛందస్సులో కూడా ఒక మాత్ర ఉండేది లఘువు, రెండు మాత్రలుండేది గురువు. గురువు అంటేనే బరువైనవాడు. ఇలాంటి పత్రికల్లో సమీక్షలు రాసే నాలాంటి వాళ్లం ‘బరువైన కథ’ అని మెచ్చుకుంటాం, ‘తేలికపాటి నవల’ అని పక్కన పెట్టేస్తాం. ఏళ్ల తరబడి నేను రాసిన సమీక్షలు తిరగేస్తే ఈ రెండు మాటలూ ఎన్నిసార్లు కనిపిస్తాయో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

బాబాయి దృష్టిలో ఇంకో న్యాయం కూడా ఉంది. ఆయన మిషను పోత ఇనుముది. తొక్కుతున్నప్పుడు కదలదు, అదరదు, అందుకే కుట్టు తిన్నగా పడుతుంది. ఈ మధ్య వచ్చిన ప్లాస్టిక్ మిషన్లు మందం గుడ్డ పెడితే బల్ల మీద నడుస్తాయని నవ్వుతాడు. ఒకచోట ఉండి పనిచేసే పనిముట్టుకి బరువు నిజంగానే సుగుణం. కాకపోతే ఆయన పనిముట్టు ముప్ఫై ఏళ్లుగా ఆ కిటికీ పక్కనే ఉంది. కూతురి పనిముట్టు రోజూ బస్సెక్కాలి. ఈ తేడా ఆయనకి తట్టకపోవడం సహజం. నాకు తట్టకపోవడానికి కారణం వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

*

పోయిన నవంబరులో వాళ్ల కాలేజీలో ప్రాజెక్టులు ప్రదర్శనకి పెట్టారు, రమ్మని పిలిచింది. పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటుంది. కాలేజీ ఇబ్రహీంపట్నం వైపు. నా కారు సర్వీసింగ్‌లో ఉంది, సరే కలిసే వెళ్దామని ఎల్బీనగర్‌లో బస్సెక్కాం. నేను సిటీ బస్సెక్కి ఆరేడేళ్లయింది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఆ పథకం మీద ఎన్ని జోకులు వేసినా, మా చెల్లి లాంటి వాళ్లకి నెలకి వెయ్యీ పన్నెండొందలూ మిగులుతున్న మాట నిజం. రద్దీ పెరిగిన మాటా నిజమే. ఆ రోజు మాకు నిలబడే చోటే దొరికింది. ఆమె ఒక చేత్తో పైన రాడ్ పట్టుకుని, బ్యాగుని వీపు మీంచి తీసి పొట్టకి ఆనించి రెండో చేత్తో పట్టుకుంది. వీపుకి ఉంటే వెనకవాళ్లు తిడతారట. నేను చూడలేక, “ఇటివ్వు” అని తీసుకున్నాను.

భుజం ఒక్కసారిగా కిందికి దిగింది. లాప్‌టాప్, చార్జరు, టిఫిన్ డబ్బా, లీటరు నీళ్ల సీసా, రెండు రికార్డు పుస్తకాలు. ఐదు కిలోల పైమాటే. రెండు బ్రేకులకే నా వేళ్లు ఎర్రబడ్డాయి.

“రోజూ ఇంత మోస్తున్నవా?”

“రోజూ తేనన్నా. ల్యాబ్ ఉన్న రోజు, సబ్మిషన్ ఉన్న రోజు తెస్తా. లేకపోతే హాస్టల్లనే ఉంటది.”

“మరి మిగతా రోజులు?”

“ఫోన్ల చూసుకుంటా.”

కాలేజీ చేరేసరికి ఒక్కోటీ బయటికొచ్చింది. గ్రాఫిక్స్ కార్డున్న యంత్రానికి కరెంటు దాహం ఎక్కువ, రెండు గంటలకే బ్యాటరీ అయిపోతుంది. క్లాసులో పనిచేసే ప్లగ్గులు రెండే, రెండూ చివరి బెంచీల దగ్గర, అక్కడ అబ్బాయిలు కూచుంటారు. లైబ్రరీలో తీస్తే ఫ్యాన్ల చప్పుడుకి అందరూ తలెత్తి చూస్తారని అక్కడ తీయడం మానేసింది. ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్ తెరిచి బొటనవేలితో ప్రోగ్రాములు రాస్తోంది. బొటనవేలితో సెమికోలన్లు వెతుక్కుంటూ పైథాన్ కన్నా ముందు సీ నేర్చుకున్న పిల్లని చూసి గర్వపడాలో ఏడవాలో తెలీలేదు. ఆమె మాత్రం ఇవన్నీ ఫిర్యాదుగా చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి నా బ్యాగు చూసుకున్నాను. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, 1.2 కిలోలు. చార్జరు అరచేతిలో పడుతుంది. దాన్ని నేను ఇంటి నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి కారు దాకా, ఆఫీసు పార్కింగు నుంచి మళ్లీ లిఫ్టు దాకా మోస్తాను. మొత్తం కలిపినా మూడు వందల అడుగులుండవు.

*

అమర్త్య సేన్ తన వాదాన్ని వివరించడానికి సైకిల్ ఉదాహరణ ఇస్తారు. సైకిల్ ఒక వస్తువు. మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం దాని గుణం. ఆ గుణం వల్ల మనిషికి కదిలే శక్తి వస్తుంది. అయితే నడవలేని మనిషికి అదే సైకిల్ ఇస్తే వస్తువు చేరుతుంది గానీ శక్తి చేరదు. 1979లో ‘దేనిలో సమానత్వం?’ అన్న ప్రసంగం నుంచి ఆయన పట్టుబట్టి అడుగుతూ వచ్చింది ఇదే: మనిషి దగ్గర ఏముందో లెక్కపెట్టి ఊరుకోకండి, ఉన్నదానితో ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడో చూడండి. ఇది నేను చదివిందే. చదివి, కాఫీ తాగుతూ స్నేహితులతో వాదించిందే. అయినా నా స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న ఏడు వరసలూ వస్తువు గురించినవి. పిల్ల గురించి ఒక్క వరస కూడా లేదు. ఎక్కడుంటుంది, ఎలా వెళ్తుంది, ఎంతసేపు నిలబడుతుంది, క్లాసులో ప్లగ్గు దొరుకుతుందా... ఇవి అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు.

ఈ మాట చెప్తే ఒక మిత్రుడు వెంటనే ప్రాచెట్ బూట్ల సంగతి ఎత్తాడు. టెర్రీ ప్రాచెట్ 1993లో రాసిన ‘మెన్ ఎట్ ఆర్మ్స్’ నవలలో సామ్ వైమ్స్ అనే కాపలా కెప్టెన్ లెక్క అది. యాభై డాలర్లు పెట్టగలిగినవాడి బూట్లు పదేళ్లొస్తాయి. పది డాలర్ల బూట్లు కొనేవాడు ఆ పదేళ్లలో వంద ఖర్చుపెట్టి కూడా తడికాళ్లతోనే తిరుగుతాడు. పేదరికం ఖరీదైనదని చెప్పడానికి అందరూ వాడే ఉదాహరణ. నాకెందుకో అది ఇక్కడ పూర్తిగా సరిపోలేదనిపించింది. మేం కొన్నది చవకరకం కాదు, అది పాడవ్వలేదు, బహుశా ఆరేళ్లు పనిచేస్తుంది. బాబాయి డబ్బు ఒక్క రూపాయి కూడా వృథా పోలేదని ఇప్పటికీ ఏ షాపువాడి ముందైనా వాదించగలను. ధర దగ్గర మిగుల్చుకున్నది ఇంకోచోట తేలింది, అంతే. తేలిన చోటు పందొమ్మిదేళ్ల అమ్మాయి కుడిభుజం. దానికి రసీదు ఉండదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంజినీరు బుద్ధి ఊరుకోదు కదా, ఆ రాత్రి దీనికీ ఒక లెక్క వేశాను. అంతే శక్తి ఉండి కిలో తక్కువ బరువున్న కొత్త లాప్‌టాప్ అప్పట్లో ఒక 15 వేలు ఎక్కువ. నాలుగేళ్లలో కాలేజీకి వెళ్లే రోజులు 800 అనుకుంటే రోజుకి 19 రూపాయలు. ‘రోజుకి 19 రూపాయలిస్తాం, ఒక కిలో బియ్యం సంచి పట్టుకుని రెండు గంటలు బస్సులో నిలబడు’ అంటే ఎవరు ఒప్పుకుంటారు? లెక్క చూడ్డానికి బాగుంది. కానీ ఇదీ పాత జబ్బే. భుజాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరడం లేదు. పైగా బాబాయి దగ్గర ఆ 15 వేలు లేవు. అవి చిట్టీ పాటలో పోయాయి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ షీట్‌ని మళ్లీ తెరిచాను. ఏడో వరసలో 14 అంగుళాలది ఒకటుంది. 1.4 కిలోలు, 41 వేలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, మిగతావన్నీ ఆమె చదువుకి సరిపోతాయి. అది ఆరు మార్కుల తేడాతో ఓడిపోయింది. గ్రాఫిక్స్ కార్డుకి నేను 20 మార్కులు పెట్టకపోతే అదే గెలిచేది, బాబాయికి 4 వేలు మిగిలేవి కూడా. మరి ఆ 20 ఎక్కణ్ణుంచి వచ్చాయి? పిల్ల గేములు ఆడదు. వీడియో ఎడిటింగ్ చేయదు. మొదటి రెండేళ్ల సిలబస్‌లో దాని అవసరమే లేదు. ‘రేపు మెషీన్ లెర్నింగ్ చేస్తుంది కదా’ అని నాకు నేను చెప్పుకున్నాను, కానీ ఆ పనులకి ఇంత చిన్న కార్డు పెద్దగా అక్కరకి రాదని, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేదే మేలని నాకు బాగా తెలుసు.

2009లో నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా గదిలో ముగ్గురం కలిసి కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. గ్రాఫిక్స్ కార్డు లేదు. పక్క గదిలో ఉండేది. ఆ గది తలుపు దగ్గర నిలబడి వాళ్లు ఆడుతుంటే చూసిన సాయంత్రాలు చాలానే ఉన్నాయి. నాకు ఉద్యోగం వచ్చాక కొనుక్కుందామనుకున్నాను, అప్పటికి ఆ కోరికే పోయిందనుకున్నాను. పోలేదు. పదిహేనేళ్లు ఓపిగ్గా కూచుని, బాబాయి చిట్టీ డబ్బులతో తన ముచ్చట తీర్చుకుంది.

సలహా ఇచ్చేవాడి చేతిలో ఉన్న అధికారం ఎలాంటిదో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. డబ్బు బాబాయిది, భుజం పిల్లది, కోరిక నాది. ముగ్గురిలో ఖర్చేమీ లేనిది నాకొక్కడికే, నిర్ణయం కూడా నాదే. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అంకెలన్నీ సరైనవే. మార్కులు ఎలా పంచాలన్న దగ్గర మాత్రం ఎవర్నీ అడగలేదు, అక్కడే అంతా జరిగిపోయింది.

ఇంకోటి కూడా ఉంది, ఇది ఒప్పుకోవడం ఇంకా కష్టం. “కొంచెం తేలికది” అని ఆమె అన్నప్పుడు నాకు లోపల చిన్న చిరాకు కలిగింది. ఉన్న డబ్బే ఇంత, ఇందులో షోకులా అని. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు ‘ఉపయోగం’ చూసుకోవాలి, సుఖం గిఖం డబ్బున్నవాళ్ల సంగతి అనే నియమం నాకెవరూ నేర్పలేదు, కానీ నాలో ఉంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు కోరుకునే సుఖాన్ని సోకు అంటాం, మనం కోరుకున్నప్పుడు దాన్నే ఎర్గొనామిక్స్ అంటాం. మా ఆఫీసులో నా నడుము కోసం కంపెనీ ఒక కుర్చీ కొనిచ్చింది. దాని ధర ఆ లాప్‌టాప్ ధరకి పెద్ద దూరంలో లేదు.

*

అయితే తేలికదనం ఎందుకంత ఖరీదు? ఇందులో మోసమేమీ లేదు, భౌతికశాస్త్రం ఉంది. వేగమైన ప్రాసెసరు వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి రాగి గొట్టాలు, ఫ్యాన్లు కావాలి, రాగి అల్యూమినియం కన్నా మూడింతల పైగా బరువు. అంత కరెంటు తాగేదానికి పెద్ద బ్యాటరీ కావాలి, 50 వాట్-అవర్ల బ్యాటరీ అంటేనే పావు కిలో దాకా ఉంటుంది. వీటన్నిటినీ పలచటి ప్లాస్టిక్ పెట్టెలో పెడితే వంగుతుంది, గట్టిగానూ తేలిగ్గానూ ఉండాలంటే మెగ్నీషియం మిశ్రమం లాంటివి వాడాలి, వాటిని మలచడం ఖర్చుతో కూడిన పని. తేలిక, చవక, శక్తి: మూడింట్లో రెండే దొరుకుతాయి.

చరిత్రలో ఒకసారి మొదటి రెండూ కలిసి దొరికాయి. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 దాదాపు 11 కిలోలు, దాన్నే మోసుకెళ్లగల కంప్యూటర్ అన్నారు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితం కవర్లోంచి 1.36 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు, దాని ధర 1,799 డాలర్లు. దానికి కొన్ని నెలల ముందే, 2007లో, ఏసుస్ కంపెనీ ఈ-పీసీ అనే చిన్న యంత్రాన్ని వదిలింది. కిలో కూడా లేదు, ధర అందులో నాలుగో వంతు కన్నా తక్కువ. నెట్‌బుక్ అన్న మాట అప్పట్లో ఊరూరా తిరిగింది. నాలుగైదేళ్లకే ఆ జాతి అంతరించింది. ట్యాబ్లెట్లు మింగేశాయంటారు, నిజమే. అవి నెమ్మది అనే పేరు కూడా ఉంది. అవి మొదట్నుంచీ బలహీనమైనవే, కానీ ఏటేటా ఇంకా నెమ్మది అవుతూ పోయాయి. యంత్రం అదే. మారింది వాటి మీద నడిచే సాఫ్ట్‌వేరు.

అంటే మేం రాసేది. పాస్కల్ భాషని తయారుచేసిన నిక్లాస్ విర్త్ 1995లో ఒక వ్యాసం రాస్తూ, హార్డ్‌వేరు వేగం పెరిగే దానికన్నా తొందరగా సాఫ్ట్‌వేరు మందగిస్తోందని వాపోయాడు. ముప్ఫై ఏళ్లయింది, ఆయన 2024 జనవరిలో కన్నుమూశాడు, మేం మాత్రం మారలేదు. ఇవాళ చాటింగ్ కోసం వాడే యాప్‌లలో చాలావాటి కడుపులో ఒక పూర్తి బ్రౌజరు ఉంటుంది. అలాంటివి మూడు తెరిస్తే మూడు బ్రౌజర్లు. అలా ఎందుకు రాస్తామంటే మాకు తొందరగా అవుతుంది, ఒకసారి రాస్తే అన్ని రకాల కంప్యూటర్ల మీదా నడుస్తుంది. మా మేనేజరు సంతోషిస్తాడు. మా యంత్రాల్లో 32 జీబీ ర్యామ్ ఉంటుంది కాబట్టి మాకు తేడా తెలీదు. గత ఏడాది మా టీమ్ విడుదల చేసిన ఒక స్క్రీను, ముందుదానికన్నా రెండింతల మెమరీ తింటోందని నేనే గమనించాను. ‘ఇప్పుడు అందరి దగ్గరా 16 ఉంటోంది కదా’ అని నేనే టికెట్ మూసేశాను.

ఇటాలో కాల్వినో 1985లో హార్వర్డ్‌లో చేయాల్సిన ప్రసంగాలు రాసుకుంటూ, అవి చేయకుండానే చనిపోయాడు. మొదటి ప్రసంగం తేలికదనం గురించే. అందులో ఆయన సాఫ్ట్‌వేరుని కూడా తేలికదనం పక్షాన నిలబెడతాడు, బరువైన యంత్రాలు దాని మాట వింటాయని. ఆ పుస్తకం నాకు ప్రాణం, మా వృత్తి గురించి ఒక గొప్ప రచయిత అంత అందంగా చెప్పినందుకు ఛాతీ ఉబ్బించుకున్న రోజులున్నాయి. ఇప్పుడు చదివితే ఆ పేరా దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంటోంది. సాఫ్ట్‌వేరుకి బరువు లేదన్నది తూకం రాయి సంగతి. మేం కోరే వేగం, ఆ వేగానికి పుట్టే వేడి, ఆ వేడిని లాగే రాగి, ఆ రాగి ఇబ్రహీంపట్నం బస్సులో... ఎక్కడో ఒకచోట తూకానికి వస్తుంది.

*

ఆ పెద్ద లాప్‌టాప్ నేను తీసుకుని 45 వేలూ ఇచ్చేస్తానని బాబాయికి ఫోన్ చేశాను. ఆ డబ్బుతో తేలికది కొందామన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు.

“అంటే నేను కొనిచ్చింది మంచిది కాదనా?”

“అట్లా కాదు బాబాయ్, ఎంచింది నేనే కదా...”

“నువ్వే కదా అన్ని చూసి చెప్పినవు. మంచిగనే ఉన్నది. ఉండనీ.”

ఆ లాప్‌టాప్ ఫోటో ఆయన ఫోన్లో ఉంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకి చూపిస్తాడని చిన్నమ్మ చెప్పింది. నేను చేసిన తప్పుని నేను డబ్బుతో సరిదిద్దుకోవచ్చు గానీ, ఆయన ఇచ్చిన కానుకని సరిదిద్దే హక్కు నాకెక్కడిది? పిల్ల నాకన్నా ముందే ఈ సంగతి గ్రహించినట్టుంది. ఏడాదికి పైగా భుజం నొప్పి గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. “నాన్నకి చెప్పకన్నా” అంది. హాస్టల్ పక్కింట్లో ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్పి కూడబెట్టుకున్నదుంది, పాతది ఏదైనా చూద్దాం, సగం తను పెడతానంది. మొత్తం నేనే పెడతానంటే ఒప్పుకోలేదు.

బాబాయి దగ్గర దాచడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆయన ఇలాంటి పత్రికలు చదవడన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను, అది ఇంకా అధ్వాన్నమేమో కూడా.

సంక్రాంతి సెలవులు అయ్యాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే పూర్తి పేరు ఎవరూ వాడరు. కంపెనీలు మూడు నాలుగేళ్లు లీజుకి తీసుకుని వదిలేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు అక్కడ గుట్టలుగా ఉంటాయి. ఒకప్పుడు లక్ష దాకా పలికిన తేలికపాటి యంత్రాలే. అంటే నాలాంటి వాళ్లు కార్లలో మోసి వదిలేసినవి. షాపు కుర్రాడు రెండు చూపించాడు. రెండూ ఒకే బరువు, ఒకేలాంటి కీబోర్డు. ఒకటి 14 వేలు, ఇంకోటి 21 వేలు. తేడా ఏమిటంటే మొదటిదాంట్లో ఇంటెల్ ఏడో తరం ప్రాసెసరు, రెండోదాంట్లో ఎనిమిదో తరం. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. నిక్షేపంలా పనిచేసే యంత్రం ధర ఒక జాబితా వల్ల 7 వేలు పడిపోయింది. లినక్స్ వేస్తే మొదటిదే చాలు, వేద్దామన్నాను. కాలేజీ పరీక్షల సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుందట. మళ్లీ మా వాళ్లే.

నేను ఈసారి ఫోన్ జేబులోంచి తీయలేదు. ఆమె తన బ్యాగు వెంట తెచ్చుకుంది, టిఫిన్ డబ్బా, నిండా నీళ్లున్న సీసా, రికార్డు పుస్తకాలతో సహా. రెండోదాన్ని చార్జరుతో కలిపి అందులో పెట్టి జిప్పు వేసింది. పొట్టకి ఆనించుకుని ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేయి పైకెత్తి, లేని రాడ్‌ని పట్టుకున్నట్టు పెట్టి, షాపు మధ్యలో అలా నిలబడింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కుర్రాడు నవ్వు ఆపుకుంటూ నా వైపు చూశాడు. మరో కస్టమరు వచ్చి పక్కకి తప్పుకుని వెళ్లాడు. ఆమె కదల్లేదు.

“ఇది తీస్కుంటా” అంది చివరికి చేయి దించి.

కుర్రాడు బిల్లు పుస్తకం తీస్తూ, అలవాటు కొద్దీ నన్నే అడిగాడు: “సార్, ఇందులో 8 జీబీ ఉంది. ఇంకో 8 వేయమంటారా?”

నేను ఆమె వైపు చూశాను.

“అది వేస్తే బరువెంత పెరుగుతది అన్నా?” అని అతన్ని అడిగింది.

అతను కౌంటరు కింద డబ్బాలో వెతికి ఒక ర్యామ్ ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె చేతిని కాస్త పైకీ కిందికీ కదిలించి చూసుకుంది.

“ఎంత?”

“పన్నెండొందలు.”

“సరే, వెయ్యండి.”